చలి నిలిచే చెలక

నాకు కోపం ఎక్కువ. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల మీద, ఇంట్లో మా ఆవిడ మీద, ఆపమన్న చోట బస్సు ఆపని డ్రైవర్ల మీద దాన్ని ధారాళంగా చూపించాను. చూపించాల్సిన ఒక్క మనిషి మీద మాత్రం చూపించలేదు. ఆ మనిషిని నేనే. రిటైరయ్యాక తీరిక దొరికింది, ఇప్పుడు వస్తోంది ఆ కోపం. నా తమ్ముడికి నేనేం చేశానో వరసగా రాసిపెడితే తప్ప అది తగ్గేటట్టు లేదు.

మాకు గుట్ట వాలు మీద నాలుగెకరాల చెలక. కోదాడ దాటి అనంతగిరి వైపు పోతుంటే కనబడే గుట్టల్లో మాది చిన్నది. పైన నున్నటి పరుపుబండ, దాని కింద ఎర్రనేల. ఆ నేల తూర్పుకు వాలుతూ పోయి సాగర్ కాలువ కట్ట దగ్గర ఆగుతుంది. కట్ట రెండు నిలువుల ఎత్తు. దాని మీద తుమ్మచెట్లు గుబురుగా పెరిగి పొద్దుటెండను చాలాసేపు ఆపుతాయి. కట్ట పక్కనుంచే బండ్ల బాట. ఊళ్లో ఎవరినడిగినా ఆ నాలుగెకరాల్లో కిందిదే మేలైందని చెప్తారు. నీళ్లు దగ్గర, బాట దగ్గర, మట్టి లోతు. పైభాగంలో రాళ్లు ఏరడానికే ఒక జన్మ చాలదు.

కానీ మా నాయన ద్రాక్ష పందిరి వేసినప్పుడు కింద వేయలేదు. వాలుకు నడుమన, బండకు కాస్త దిగువన, అరెకరంలో వేశాడు. కింద పశువులకు గడ్డి పెంచాడు. మెడ మీద తలకాయున్నోడెవడన్నా కాలువ పక్కన గడ్డి పెంచి రాళ్లల్లో ద్రాక్ష పెడతాడా అని ఊరంతా నవ్వింది. నాయన ఎవరికీ జవాబు చెప్పలేదు. ఆయనకు మాటలు తక్కువ.

నాకు మాత్రం చూపించాడు. అప్పటికి తమ్ముడు ఇంట్లో లేడు, మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనికి కుదిరాడు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరి, ఇంటి నుంచే బడికి పోయి వస్తున్నాను. డిసెంబరులో ఒక పొద్దున నాయన నన్ను చెలకకు తీసుకుపోయి చెప్పులు విడవమన్నాడు. ఇద్దరం పైన బండ దగ్గర మొదలుపెట్టి వట్టి కాళ్లతో కిందికి నడిచాం. బండ ఇంకా నిన్నటి ఎండను దాచుకునే ఉంది, కాలికి గోరువెచ్చగా తగిలింది. పందిరి కిందా నేల పొడిగానే ఉంది. మోదుగు చెట్టు దాటి నాలుగడుగులు వేశానో లేదో, చలి చీలమండల్లోకి ఎక్కింది. ఇంకా కిందికి పోతే గడ్డి తడిసి ముద్దయి ఉంది, నోట్లోంచి ఆవిరి వస్తోంది. ఒక్క చెలకలో, రెండు వందల అడుగుల దూరంలో, రెండు కాలాలు.

"చలి నీళ్ల లెక్కనే బిడ్డా, కిందికే పోతది," అన్నాడు నాయన. "ఈడ కట్ట అడ్డమున్నది. ఎటు పోవాలె? ఈడనే కూసుంటది. గడ్డికి ఏం కాదు. ద్రాక్షాకు తెల్లార్లు తడిసి, ఎండ తగలకపోతే, బూజు పట్టి సస్తది."

చలిగాలి బరువు, వేడిగాలి తేలిక అని నేను బడిలో ఎనిమిదో తరగతికి చెప్పే పాఠమే అది. చాక్‌పీసుతో బాణం గుర్తులు గీసి మరీ చెప్పేవాణ్ని. కాళ్లతో చదువుకున్నది మాత్రం ఆ రోజే.

ఇక మా తమ్ముడి చేతి సంగతి చెప్పాలి. మా దిక్కు ఏ పంట మొదలుపెట్టినా మొదటి మొక్కో, మొదటి పిడికెడు గింజలో చెయ్యి మంచిదైన మనిషితో వేయిస్తారు. అలాంటి చెయ్యి ఊరికి ఒకరిద్దరికి ఉంటుంది. మా ఊళ్లో అది మా తమ్ముడిది. చిన్నప్పుడు వాడు ఆడుకుంటూ పాతిన చింతగింజ కూడా మొలిచేది. అమ్మ బీరపాదు పెట్టాలన్నా వాణ్నే పిలిచేది. నేను పక్కనే ఉంటే, నువ్వు చదువుకోపో బిడ్డా అనేది. మిల్లులో పని చేస్తున్న రోజుల్లో కూడా, మిరప నాటాలంటే ఒక రోజు సెలవు పెట్టి రమ్మని ఊరివాళ్లు ఫోన్లు చేసేవాళ్లు. వాడు ఎర్ర బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, ఒక్క మొక్క పెట్టి, వాళ్లింట్లో ఇంత తిని, మళ్లీ బస్సెక్కి పోయేవాడు. ఎంత సంతోషంగా పోయేవాడో. నాకు కన్ను కుట్టేది. ఇంత చదువుకుని, పదిమందితో సారూ అనిపించుకుంటూ, తమ్ముడి చేతిని చూసి కుళ్లుకునేవాణ్ని. సిగ్గులేని మనిషిని.

నాయన పోయాడు. అమ్మ అంతకు ముందే పోయింది. పాత పందిరి కూడా ముసలిదైతే తీసేశాం, రాతి కడీలు మాత్రం మిగిలాయి. తమ్ముడు ఇక మిల్లు చాలించుకుని వచ్చేస్తానన్నాడు. నాయన వేసినట్టే ద్రాక్ష వేస్తానన్నాడు. నేనూ వేద్దామనుకుంటున్నాననేసరికి వాడు పొంగిపోయాడు. అన్నదమ్ములం పక్కపక్కన తోటలు పెట్టుకుందాం అన్నాడు.

పంపకాలకు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు పాళ్లు పెట్టాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. పెద్దవాడు మోసం చేయకుండా ఉండేందుకు మా పాతవాళ్లు పెట్టుకున్న కట్టుబాటు అది. ఏ పాలు తనకు మిగులుతుందో తెలియదు కనుక పెద్దవాడు సమానంగానే పెడతాడని వాళ్ల నమ్మకం. ఒక పాలు విలువ పెద్దవాడికే తెలిసి, చిన్నవాడికి తెలియకపోతే ఏమవుతుందో వాళ్లకు తట్టలేదు.

గుట్ట నుంచి కట్ట దాకా నిలువునా గీత గీసి ఉంటే ఇద్దరికీ ఇంత వెచ్చన, ఇంత చలి వచ్చేవి. అది నాకు తెలుసు. నేను అడ్డంగా గీశాను. సరిగ్గా మోదుగు చెట్టు దగ్గర, నా చీలమండలకు చలి తగిలిన చోట. పైన రెండెకరాలు, కింద రెండెకరాలు. పెద్దమనుషులు నలుగురు వచ్చి చూసి, పాళ్లు సమానంగానే ఉన్నాయన్నారు. ఒకాయన నవ్వుతూ, సారు మేలైంది తమ్ముడికే వదిలిపెడుతున్నట్టున్నాడు, ఇంక ఎవరైనా పైది కోరుకుంటారా అన్నాడు కూడా.

తమ్ముడు నా మొహంలోకి చూశాడు. "నీకు కిందిది గావాల్నంటే చెప్పన్నా. నేను పైది తీస్కుంట, నాకేం లేదు," అన్నాడు.

నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది. పద్ధతి పద్ధతే, నీకు నచ్చింది నువ్వు కోరుకోవాలి అన్నాను. వాడు కిందిది కోరుకున్నాడు. నాతో పాటు నాయన వెంట చలిలో నడవని తమ్ముడి మీద, బీరపాదుకు నన్ను పిలవని అమ్మ మీద, ఇద్దరి మీదా ఒకేసారి గెలిచినట్టు లోపల ఏదో చల్లగా తగిలింది.

ఇద్దరం ఒకే చోటి నుంచి తెచ్చిన ద్రాక్ష అంట్లు పెట్టాం. కడీలు, తీగలు, ఎరువు, అన్నీ ఒకటే. ఒక్క తేడా. వాడి తోటలో మొదటి అంటు వాడే పెట్టుకున్నాడు. నా తోటలోనూ వాడే పెడతాడనుకుని పొద్దున్నే స్నానం చేసి వచ్చాడు. అప్పటికే నేను పెట్టేసుకుని ఉన్నాను. వాణ్ని పిలవకుండా ఊళ్లో తోట మొదలుపెట్టిన మొదటివాణ్ని నేనే. వాడేమీ అనుకోలేదు. నువ్వు పెట్టినా నేను పెట్టినా ఒకటే గదనే అని, మిగతా అంట్లకు గుంతలు తీయడానికి వంగాడు.

అక్టోబరులో ద్రాక్షకు కొమ్మలు కత్తిరించాలి. ఆ తర్వాత వచ్చే చిగురులోనే పూత ఉంటుంది. ఆ చిగురు లేతగా ఉన్న రోజుల్లోనే మా దగ్గర మంచు మొదలవుతుంది. నా పందిరి మీద పొద్దు పొడవగానే ఎండ పడేది, ఏడు గంటలకల్లా ఆకు ఆరేది. తమ్ముడి పందిరి మీదికి ఎండ తుమ్మలు దాటి వచ్చేసరికి పదయ్యేది. అప్పటిదాకా ఆకుల అంచుల నుంచి నీళ్లు చుక్కలు పడుతూనే ఉండేవి. పూతకు వచ్చిన మొదటి ఏడే ఆకుల అడుగున తెల్లబూజు పట్టింది. పూగుత్తులు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే రాలాయి. నా గుత్తులు ఫిబ్రవరి నాటికి కళ్లు చెదిరేలా నిండాయి.

తమ్ముడు నా దగ్గరికే వచ్చాడు. ఇంకెవరి దగ్గరికి పోతాడు? "నువ్వు సైన్సు సారువు గదనే. జర వచ్చి సూడు, ఏం తక్కువైతుందో," అన్నాడు.

వెళ్లాను. అక్కడితో ఆగినా బాగుండేది. బడి ల్యాబు నుంచి థర్మామీటరు పట్టుకుని మరీ వెళ్లాను. తెల్లవారగానే నా పందిరి కింద ఒకసారి, వాడి పందిరి కింద ఒకసారి చూశాను. వాడి దాంట్లో మూడు డిగ్రీలు తక్కువ. వాడు నా పక్కనే నిలబడి, ఆ గాజు గొట్టంకేసి దేవుడి పటంకేసి చూసినట్టు చూస్తున్నాడు. ఏమన్నదన్నా అని అడిగాడు. పెద్ద తేడా ఏం లేదురా, అంట్లలోనే లోపమున్నట్టుంది, మైలుతుత్తం ఇంకో రెండు సార్లు కొట్టు అన్నాను. అప్పటికి చెప్పినా పోయేదేమీ లేదు. వాడు ఆ చెలకలో పత్తో, వరో వేసుకుని బతికేవాడు. కానీ ఇది చెప్తే గీత సంగతి చెప్పాలి. ఆ గీత నేనెందుకు గీశానో చెప్పాలి. నీళ్లు నమిలి ఇంటికొచ్చాను.

వాడు నా మాట విన్నాడు. రెండు సార్లు కాదు, పది సార్లు కొట్టాడు. నాలుగు చలికాలాలు కొట్టాడు. వాడి గోళ్లు, అరచేతుల గీతలు మైలుతుత్తంతో నీలంగా మారాయి. ఎంత రుద్దినా పోయేది కాదు. పందిరి కింద ఒక్కో గుత్తినీ అరచేతిలో పట్టుకుని, చంటిపిల్లకు జ్వరముందేమోనని చూసినట్టు చూసేవాడు. అది పైనుంచి నాకు కనబడేది. ఆ వేళకు నేను నా గుత్తులకు కాగితాలు చుట్టిస్తూ ఉండేవాణ్ని.

ఊరు చూస్తూ ఊరుకుంటుందా? ఒకే నేల, ఒకే అంట్లు, ఒకే నీళ్లు. అన్నది పండింది, తమ్ముడిది ఎండింది. ఇక తేడా ఎక్కడుంది? చేతిలోనే. అదే ఏడు వాడు మొదటి మొక్క పెట్టిన ఒకరి మిరపతోటకు ఆకుముడత తెగులు వచ్చింది. ఆ ఏడు మండలంలో ముడత రాని మిరపతోట లేదు, అది ఎవరికీ గుర్తులేదు. చిన్నోని చెయ్యి పెద్దోనికి పోయింది అన్నారు. పిలవడం మానేశారు. ఎవరూ మొహాన అనలేదు, మా వాళ్లు అంత మోటువాళ్లు కాదు. నాట్ల పొద్దున వాడి ఇంటి ముందునుంచే నడిచి నా ఇంటికి వచ్చేవాళ్లు, అంతే. నేను వెళ్లేవాణ్ని. అమ్మ ఉంటే చూసి సంతోషించేది అని కూడా అనుకున్నాను ఒకసారి.

ఐదో ఏడు తమ్ముడు తీగలు కోసి కుప్ప వేసి, చెలక కౌలుకిచ్చి, మళ్లీ మిర్యాలగూడ మిల్లుకే వెళ్లిపోయాడు. అక్కడ కిరాయికి ఒక గది తీసుకుని, వాడూ మా మరదలూ ఉన్నారు. వెళ్లేముందు వచ్చి నా కాళ్లకు దండం పెట్టాడు. తోట బాగా చూసుకో అన్నా అన్నాడు.

ఇదంతా ఇట్లాగే కడుపులో పెట్టుకుని చచ్చిపోయేవాణ్నేమో. తమ్ముడి బిడ్డను సూర్యాపేటలో ఇచ్చారు. ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు అన్నం ముట్టించే రోజున అందరం వెళ్లాం. పిల్ల తల్లి వెండిగిన్నెలో పాయసం తెచ్చి, తాత ముట్టించాలని తన తండ్రిని పిలిచింది. వాడు గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు. ఆమె రెండోసారి పిలిచింది. వాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నేనొద్దు బిడ్డా. నా చెయ్యి మంచిది గాదు. మీ పెద్దనాయిన పెడ్తడు," అన్నాడు.

హాస్యానికి అనలేదు. పిల్లకు నిజంగానే ఏమైనా అవుతుందని భయపడుతున్నాడు. ఆ మొహం చూశాను. ఇన్నేళ్లూ వాడు తోట పోగొట్టుకున్నాడనే అనుకున్నాను, దానికే పశ్చాత్తాపమో ఏదో కాస్త పడుతూ వచ్చాను. వాడు పోగొట్టుకున్నది తోట కాదని ఆ గుమ్మం దగ్గర తెలిసింది. నా తల కొట్టేసినట్టయింది. ఆమె గిన్నె నా చేతికిచ్చింది. నేను పాయసం పిల్ల గౌను మీద ఒలికిస్తే, వయసు మీదపడింది పెద్దనాయినకు అని అందరూ నవ్వారు.

వారం తిరక్కుండా మిర్యాలగూడ వెళ్లాను. మధ్యాహ్నం. మిల్లు వెనక పెద్ద గచ్చు మీద ఉడికించిన వడ్లు ఆరబోసి ఉన్నాయి. తమ్ముడు వాటిలో కాళ్లీడ్చి తిరగేస్తూ, మధ్యమధ్య నాలుగు గింజలు తీసి వేళ్ల మధ్య నలిపి చూస్తున్నాడు. ఎంత ఆరిందో వాడి వేళ్లకే తెలుస్తుందని, మిల్లులో వాడు చాలన్నాకే వడ్లు ఎత్తుతారని పక్కనున్నతను చెప్పాడు. నన్ను చూసి తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. చాయ్ తెప్పిస్తానన్నాడు. చాయ్ వద్దని, గోడ నీడన కూర్చోబెట్టి, మొత్తం చెప్పాను. నాయన వెంట వట్టి కాళ్లతో నడిచిన సంగతి, గీత సంగతి, థర్మామీటరు సంగతి. చెప్తూ వాడి మొహం చూడలేకపోయాను, గచ్చు మీది వడ్లనే చూస్తూ చెప్పాను.

తిడతాడనుకున్నాను. కొడతాడేమోననీ అనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. వాడు చాలాసేపు తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"అయితే నా చెయ్యి ఖరాబు గాలేదా అన్నా?" అన్నాడు.

అంతే అడిగాడు. ఎందుకు చేశావని అడగలేదు. లేదురా అన్నాను. నాకు ఏడుపాగలేదు. ముప్పై ఏళ్లు బెత్తం పట్టుకుని తిరిగినవాణ్ని, హమాలీల ముందు వెక్కివెక్కి ఏడ్చాను. వాడే నా వీపు నిమిరాడు.

"జరిగింది జరిగింది. నాకు ఒక్కటి చెయ్యి. గీ ముచ్చట ఊళ్లె నలుగురిల చెప్పు. నీ పరువు పోతది, నాకు ఎరికే. అయినా చెప్పన్నా," అన్నాడు.

చెప్తానని మాటిచ్చాను. సమయం కూడా తొందరగానే వచ్చింది. వానలు మొదలయ్యాక మా మేనమామ కొడుకు, నాకు బావ వరస, మూడెకరాల్లో బత్తాయి పెడుతూ హాలియా వైపు నుంచి మొక్కలు తెప్పించాడు. మొదటి మొక్క నువ్వే పెట్టాలి బావా అని నన్ను పిలిచాడు. తమ్ముణ్ని, మరదల్ని కూడా పిలవమన్నాను. ఇద్దరూ పొద్దుటి బస్సుకే వచ్చారు. తమ్ముడు ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. గడ్డం గీసుకున్నాడు. పెళ్లిచూపులకొచ్చిన పిల్లాడిలా ఒకచోట నిలవలేకపోతున్నాడు.

ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు. గుంత తీశారు, పసుపు నీళ్లు చల్లారు, మొక్క నా చేతికివ్వబోయారు. నేను చేతులు కట్టుకుని, ఇది నేను పెట్టను, నా తమ్ముడు పెడతాడు అన్నాను. అందరూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. అప్పుడు చెప్పాను. ఒక్కటీ దాచలేదు. వాడి చేతిలో ఏ లోపం లేదని, చలి చేరే పాలు వాడికంటగట్టింది నేనని, తెలిసి తెలిసి నాలుగేళ్లు మందు కొట్టించింది నేనని, నేను దొంగనని గొంతెత్తి చెప్పాను.

నా మీద ఉమ్మేస్తారనుకున్నాను. పంపకాల నాడు వచ్చిన పెద్దమనుషుల్లో ఒకాయన ఇంకా ఉన్నాడు. ఆయన కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

"సూసిన్రా? తమ్ముని కోసం సారు తప్పంత తన మీద ఏసుకుంటుండు. అన్నంటే గిట్లుండాలె," అన్నాడు.

అవునవునన్నారు అందరూ. అది కాదయ్యా, నిజంగానే చలి కిందికి దిగుతుంది, కట్ట అడ్డముంటే అక్కడే ఆగుతుంది అని మళ్లీ మొదలుపెట్టాను. ఒకతను, అట్లయితే కాలువ కింద మా వరంతా ఎట్లా పండుతోంది సారూ అన్నాడు. వరి వేరు, ద్రాక్ష వేరు అన్నాను. మూడు డిగ్రీలన్నాను. బడిలో పాఠం విన్నట్టే తలలూపారు, బడిలోలాగే ఒక్క ముక్క ఎక్కించుకోలేదు. ఆ పాలు కోరుకున్నది వాడే కదా, మేమంతా చూస్తుండగానే కదా, మీ తప్పెట్లయితది అన్నారు. మా పద్ధతే నన్ను కాపాడింది. నాకు ఒళ్లు మండిపోయింది. అరిచాను కూడా. అరిచిన కొద్దీ నా మంచితనం పెరిగింది.

తమ్ముడు ఆ మాటలన్నీ వింటూ నిలబడ్డాడు. పొద్దున వాడి మొహంలో ఉన్న వెలుతురు కొంచెం కొంచెంగా పోవడం నేను చూశాను. బావ మొహమాటానికి, నువ్వే పెట్టు మరి అని వాడి వైపు తిరిగాడు. కానీ మొక్కను మాత్రం గట్టిగా పట్టుకునే ఉన్నాడు. పెట్టేవాడికి అది తెలియకుండా ఉంటుందా? తమ్ముడు బావ చేతుల్లోంచి మొక్క తీసుకున్నాడు. నాలుగడుగులు వేసి వచ్చి నా చేతుల్లో పెట్టాడు.

"పెట్టన్నా. పొద్దెక్కుతుంది," అన్నాడు.

పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. అంతమందిలో నా మాట నమ్మింది మా మరదలొక్కతే. అన్నం తినకుండా లేచి, సంచి భుజానేసుకుని, బస్సు దారి పట్టింది. ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. ఆమె ఒక్కతే నాకు న్యాయం చేసిందనిపిస్తుంది.

అది జరిగి రెండున్నరేళ్లయింది. నా పందిరి నేను తీసేశాను. తీసేస్తే, తమ్ముడి మీద బెంగతో సారు తోటే వదులుకున్నాడని ఇంకో మాట పుట్టింది. ఎవరు పిలిచినా మొదటి మొక్క పెట్టడానికి పోవడం లేదు. దానికి అణకువ అని పేరు పెట్టారు. నేను ఏం చేసినా మంచే అవుతోంది ఈ ఊళ్లో.

మొన్న సూర్యాపేట నుంచి తమ్ముడి బిడ్డ ఫోన్ చేసింది. పిల్లను బడిలో వేస్తున్నారట, ముందు ఇంట్లో బియ్యంలో అక్షరాలు దిద్దించాలట, నన్ను రమ్మంది. మీ నాన్న దిద్దిస్తాడు, వాడిని పిలువు అన్నాను. మీ చేతితోనే దిద్దించాలని నాన్నే చెప్పిండు పెద్దనాయినా అంది. నేను ఫోన్ పెట్టేసి తమ్ముడికి చేశాను. వెనక మిల్లు మోత వినిపిస్తోంది. ఏందిరా ఇది, నీకు అంతా తెలుసు కదరా, నేను చెప్పాను కదరా అని గట్టిగా కోప్పడ్డాను. కోపం ఇంకా అట్లా వాడి మీదే చూపిస్తున్నాను చూడండి.

మిల్లు మోత దూరమైంది, వాడు బయటికొచ్చినట్టున్నాడు.

"నువ్వు చెప్పింది నిజమే గావొచ్చు అన్నా. కాదంటలేను," అన్నాడు. "గాని పసిపిల్ల గద. ఎందుకొచ్చిన పరేషాని? నువ్వే దిద్దియ్యి."

వెళ్లాను. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని చూపుడువేలు పట్టుకుని, పళ్లెంలో బియ్యం మీద దిద్దించాను. తమ్ముడు చేతులు వెనక్కి పెట్టుకుని గుమ్మం బయట నిలబడి, అక్షరం సరిగ్గా వచ్చిందా అని లోపలికి తొంగి చూశాడు. వచ్చిందని చెప్పాను.